దాపల ఎరుపు, వలపల పచ్చ

జూన్ నెలలో డర్బన్‌లో సాయంత్రం ఐదు దాటగానే పొద్దు గుంకుతుంది. సార్డీన్ చేపలు మన తీరం వెంట వచ్చే కాలం కూడా అదే. రెండేళ్ళ కిందట అలాంటి ఒక సాయంత్రం మేం ముగ్గురం చిన్న పడవలో రేవుకు తిరిగి వస్తున్నాం. పడవ మా అక్క కొడుకుది. పొడవు ఆరు మీటర్లు. పడవ నడిపే సర్టిఫికెట్ వాడికి ఉంది. కానీ ఆ సమయంలో వాడు వెనక కూర్చుని చేపలను ఐసు పెట్టెలో సర్దుతున్నాడు. చక్రం మా ఆయన చేతిలో ఉంది.

"ఊరి దీపాల వైపు తిన్నగా పోనివ్వండి బాబాయ్, నేను వస్తాను" అన్నాడు వాడు. ఆయన అలాగే పోనిస్తున్నారు.

సముద్రం మీదనుంచి చూస్తే మన డర్బన్ ఒక దీపాల గోడలా ఉంటుంది. హోటళ్ళ దీపాలు, బీచి రోడ్డు దీపాలు, రేవు క్రేనుల దీపాలు. వాటి మధ్యలో రెండు తెల్ల దీపాలు, ఒకదాని మీద ఒకటి, కాస్త పైకి లేచినట్టు నాకు అనిపించింది. వాటి కింద ఒక ఎర్ర దీపం, ఒక పచ్చ దీపం. ట్రాఫిక్ దీపాలు అనుకున్నాను. నవ్వకండి, నిజంగానే అలా అనుకున్నాను.

మా ఆయనకూ ఏదో తేడాగా కనిపించింది. చక్రాన్ని కొంచెం ఎడమకు తిప్పారు. కాసేపటికి మళ్ళీ కొంచెం ఎడమకు. అప్పుడు కూత వినిపించింది. పొట్టిగా, గబగబా, ఐదుసార్లు. "ఎవడో మనల్ని తిడుతున్నాడు" అన్నారు ఆయన. అక్క కొడుకు చేపలు వదిలేసి పరుగున వచ్చి చక్రం లాక్కున్నాడు. పడవను కుడివైపుకు పూర్తిగా తిప్పి ఇంజిన్ వేగం పెంచాడు. నేను పక్కకు పడిపోయాను. లేచి చూసేసరికి మా ఎడమ పక్కన ఒక ఇనుప గోడ పోతోంది. దాని పై అంచు చూడాలంటే మెడ ఎత్తాల్సి వచ్చింది. రేవునుంచి బయటికి వస్తున్న సరుకు ఓడ అది.

ఇంటికి వచ్చాక ముగ్గురం టీ తాగాం. ఎవరం ఏమీ మాట్లాడలేదు. చేపలు ఇరుగుపొరుగుకు పంచేశాం. తర్వాతి శనివారం వాళ్ళిద్దరూ మళ్ళీ వెళ్తారని నాకు తెలుసు. వద్దంటే ఆగే మనుషులు కారు. అందుకని నేనే వెళ్ళి పడవ నడిపేవాళ్ళ తరగతిలో పేరు రాయించుకున్నాను. ముప్ఫై ఏళ్ళుగా బడిలో పాఠాలు చెబుతున్నదాన్ని, కుర్రవాళ్ళ మధ్య వెనక బల్ల మీద కూర్చున్నాను.

మాకు పాఠం చెప్పినవారు రేవులో టగ్ పడవలు నడిపి రిటైరైన పెద్దమనిషి. అందరం ఆయన్ని అంకుల్ అనే పిలిచేవాళ్ళం. మొదటిరోజు నా కథ విని ఆయన ఒకే ఒక ప్రశ్న వేశారు. "మీవారు ఎడమకే ఎందుకు తిప్పారు?"

నాకు ఆలోచించాల్సిన పని లేకపోయింది. మన దేశంలో కారు ఎడమవైపు నడుపుతాం. ఎదురుగా బండి వస్తే చెయ్యి దానంతట అదే ఎడమకు పోతుంది. సముద్రం మీద అది తలకిందులు. రెండు ఇంజిన్ ఓడలు ఎదురెదురుగా వస్తే రెండూ తమ తమ కుడికి తిరగాలి. ఒకదాని ఎడమ పక్క ఇంకొకదాని ఎడమ పక్కను దాటి పోవాలి. ఇది 14వ నియమం. మన మంచి డ్రైవర్లే సముద్రం మీద మొదట తప్పు చేస్తారు అని అంకుల్ అన్నారు. ఈ మాట ఇంట్లో చెబితే మా ఆయన కొంచెం సంతోషించారు.

ఘంటసాల గారు దేవదాసు సినిమాలో కుడి ఎడమల మీద పాడిన పాట మన ఇళ్ళలో అందరికీ తెలుసు. పాట చాలా బాగుంటుంది. నీటి మీద మాత్రం దాని మాట వినకండి.

ఇంతకీ కుడి అంటే ఎవరి కుడి? నేను మీ ఎదురుగా నిలబడితే నా కుడిచెయ్యి మీ ఎడమవైపు ఉంటుంది. ఓడలో ఒకడు ముందుకు చూస్తూ ఉంటాడు, ఇంకొకడు వెనక్కి తిరిగి తాడు లాగుతూ ఉంటాడు. ఇద్దరికీ "కుడికి" అని అరిస్తే చెరో పక్కకు పోతారు. అందుకే ఓడ పక్కలకు మారని పేర్లు పెట్టారు. ఓడ ముందు భాగం వైపు చూస్తూ నిలబడితే కుడి పక్క స్టార్‌బోర్డ్, ఎడమ పక్క పోర్ట్. పాతకాలంలో ఓడను తిప్పే పెద్ద తెడ్డు కుడి పక్కన ఉండేది. తెడ్డు విరగకుండా ఓడను ఎడమ పక్కతో రేవుకు ఆనించేవారు. రెండు పేర్లూ అక్కడినుంచే వచ్చాయి.

నేను నోట్సు తెలుగులో రాసుకున్నాను. గుడి తరగతిలో నేర్చుకున్న తెలుగుకు ఇంతకంటే మంచి పరీక్ష ఏముంటుంది? కానీ పోర్ట్, స్టార్‌బోర్డ్ అన్న మాటల దగ్గర ఆగిపోయాను. కుడి, ఎడమ అని రాస్తే అర్థం పోతుంది. రెండురోజుల తర్వాత వంట చేస్తుంటే తాత గుర్తొచ్చారు. చెరకు తోటలో ఎడ్లబండి తోలినవారు ఆయన. ఎద్దులను పేర్లతో పిలిచేవారు కాదు. దాపటెద్దు, వలపటెద్దు అనేవారు. కాడికి ఎడమవైపు కట్టింది దాపల, కుడివైపు కట్టింది వలపల. మీరు ఎడ్లకు ఎదురుగా నిలబడినా, వెనక నిలబడినా, దాపటెద్దు దాపటెద్దే. పోర్ట్ అంటే దాపల. స్టార్‌బోర్డ్ అంటే వలపల. తాత తన బతుకులో ఓడ నడపలేదు. ఓడ నడపడానికి కావలసిన మాటలు మాత్రం మా ఇంట్లో వదిలి వెళ్ళారు.

పుస్తకాలలో మరికొన్ని మాటలు దొరికాయి. ఓడను తిప్పేది చుక్కాని. ఓడను నిలిపేది లంగరు. గాలిని పట్టేది తెరచాప. పడవ పనివాళ్ళ పెద్ద సరంగు. మన గుడి తరగతి పుస్తకంలో చుక్కాని ఒక బొమ్మ కింద మాటగా మాత్రమే ఉండేది. దాన్ని నిజంగా చేత్తో పట్టుకునే రోజు వస్తుందని అప్పుడు అనుకోలేదు.

ఇక దీపాలు. రాత్రిపూట ఓడ దాపల పక్కన ఎర్ర దీపం, వలపల పక్కన పచ్చ దీపం వెలుగుతాయి. ఒక్కొక్కటి 112.5 డిగ్రీల మేర మాత్రమే కనిపిస్తుంది. వెనక తెల్ల దీపం 135 డిగ్రీల మేర కనిపిస్తుంది. మూడింటినీ కూడండి, 360 వస్తుంది. లెక్కల టీచరుకు ఇంతకంటే ఆనందం ఉండదు. అంటే ఏ వైపునుంచి చూసినా ఓడ తన గురించి ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. పచ్చ ఒక్కటే కనిపిస్తే మీరు చూస్తున్నది దాని వలపల పక్క. ఎరుపు ఒక్కటే కనిపిస్తే దాపల పక్క. వెనక తెల్ల దీపం మాత్రమే కనిపిస్తే మీరు దాని వెనక ఉన్నారు. మీరు వేగంగా పోతుంటే దాన్ని దాటబోతున్నారు. దాటేవాళ్ళే పక్కకు తప్పుకోవాలి, పూర్తిగా దాటి దూరం పోయేవరకు ఆ బాధ్యత వాళ్ళదే. ఎరుపు, పచ్చ రెండూ కనిపించి, వాటి పైన రెండు తెల్ల దీపాలు ఒకే గీతలో నిలబడి ఉంటే, ఆ ఓడ తిన్నగా మీ మీదికే వస్తోంది. నేను ఆ సాయంత్రం ట్రాఫిక్ దీపాలు అనుకున్నవి అవే.

ఈ పాఠం చెప్పినరోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

దీపాలు ఇంకా చాలా ఉన్నాయి. గుర్తుపెట్టుకోవడానికి ఇంగ్లీషులో ప్రాసలు ఉన్నాయి, కుర్రవాళ్ళు వాటిని పాడుకునేవారు. నేను సొంతంగా తెలుగులో కట్టుకున్నాను. ఎరుపు మీద తెలుపు, వల వేసిన పడవ. పచ్చ మీద తెలుపు, వల ఈడ్చే పడవ. తెలుపు మీద ఎరుపు, దారి చూపే పైలట్. ఎరుపు మీద ఎరుపు, చెప్పిన మాట వినని ఓడ. ఈ చివరిదానికి ఇంజినో చుక్కానో పాడైపోయి ఉంటుంది. అది తప్పుకోలేదు కాబట్టి మనమే తప్పుకోవాలి. పాటలా లేదని మా అమ్మాయి వెక్కిరించింది. పరీక్షలో మాత్రం నాలుగూ పనికొచ్చాయి.

పగటిపూట దీపాలకు బదులు నల్లటి ఆకారాలు కడతారు. లంగరు వేసిన ఓడ ముందు ఒక నల్లని బంతి ఉంటుంది. మన బీచిలో నిలబడి దూరంగా వరసగా ఆగి ఉన్న ఓడలను బైనాక్యులర్స్‌తో చూడండి, బంతి కనిపిస్తుంది. చేపల వల వేసిన ఓడకు రెండు శంకువులు, మొనలు కలిపి, ఒకదాని మీద ఒకటి. అంకుల్ దాన్ని బోర్డు మీద గీసి, ఇది ఎలా ఉందో చెప్పండి అన్నారు. ఇసుక గడియారం అని ఒకరు, సీతాకోకచిలుక అని ఒకరు అన్నారు. నేను డమరుకం అన్నాను. శివుడి చేతిలోది. తరగతిలో సగం మంది మన పిల్లలే కాబట్టి ఇక ఎవరూ మరిచిపోలేదు.

ఇక్కడ ఒక చిన్న సంగతి. మా అక్క కొడుకు ఎప్పుడూ "మనది చేపల పడవ పిన్నీ, పెద్ద ఓడలు మనకు దారి ఇవ్వాలి" అనేవాడు. పుస్తకం తీసి చూపించాను. తప్పుకోవడం కష్టమయ్యేంత వలలు, తాళ్ళు నీళ్ళలో ఉంటేనే అది నియమాల ప్రకారం చేపల ఓడ. వెనక నాలుగు గేలాలు ఈడ్చుకుంటూ పోయేది మామూలు పడవే. పైగా ఇరుకైన కాలువలో, అంటే రేవు నోరులాంటి చోట, 20 మీటర్ల కంటే చిన్న పడవ పెద్ద ఓడకు అడ్డు రాకూడదు. నిజంగా వల వేసిన పడవ కూడా రాకూడదు. పెద్ద ఓడకు లోతు కావాలి. అది పక్కకు తప్పుకుంటే నేల మీద ఎక్కేస్తుంది. వాడు పుస్తకం రెండుసార్లు చదివి, "సరే" అన్నాడు. వాడి సర్టిఫికెట్ నాకంటే ఆరేళ్ళు పాతది.

ఈ నియమాలు ఒక్కరోజులో పుట్టలేదు. తెరచాప ఓడలు గాలిని బట్టి పోయేవి. ఆవిరి ఓడలు వచ్చాక గాలితో పని లేకుండా ఎటు కావాలంటే అటు పోసాగాయి. రెండూ ఒకే నీటి మీద కలిసి తిరగడంతో చిక్కులు పెరిగాయి. 1840లో లండన్ ట్రినిటీ హౌస్ కొన్ని నియమాలు రాసింది. 1863లో బ్రిటన్, ఫ్రాన్స్ మాట్లాడుకుని కొత్త నియమాలు చేసుకున్నాయి, తర్వాత ముప్ఫైకి పైగా దేశాలు వాటిని ఒప్పుకున్నాయి. మనవాళ్ళతో మద్రాసునుంచి మొదటి ఓడ ట్రూరో డర్బన్ చేరింది 1860 నవంబరు 16న. అంటే ఆ నియమాలకు మూడేళ్ళ ముందు. 1911 వరకు మన ముత్తాతలను తెచ్చిన ఓడలు, మొదట తెరచాపలతో, తర్వాత ఆవిరితో, ఈ నియమాలు ఎదుగుతున్న కాలంలోనే ఈ సముద్రం దాటాయి. ఆ ఓడల్లో కింద కూర్చున్నవాళ్ళకు పైన ఏ దీపం వెలుగుతోందో ఎవరూ చెప్పి ఉండరు.

ఇప్పటి నియమాలు 1972లో రాసినవి. 1977 జూలై 15న అమలులోకి వచ్చాయి. అదే ఏడాది డిసెంబరు 16న, మన దేశపు దక్షిణ తీరం దగ్గర, వెన్‌పెట్, వెనాయిల్ అనే రెండు మహా నూనె ఓడలు మంచులో ఢీకొన్నాయి. రెండూ ఒకే నమూనాలో కట్టిన తోబుట్టువులు. ఒకటి నూనె నింపుకుని వస్తోంది, ఒకటి ఖాళీగా పోతోంది. ఇద్దరు చనిపోయారు, నూనె సముద్రంలో కలిసింది. రెంటిలోనూ రాడార్ ఉంది. అరకొర సమాచారంతో, ముఖ్యంగా అరకొర రాడార్ సమాచారంతో, ఏదీ ఊహించుకోకూడదని 7వ నియమం చెబుతుంది. అది అమలులోకి వచ్చి అప్పటికి ఐదు నెలలే.

కానీ నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఇంకా పాత కథ. 1956 జూలై 25 రాత్రి. అమెరికాలో నాన్‌టకెట్ ద్వీపానికి దగ్గరలో. ఇటలీ ఓడ ఆండ్రియా డోరియా న్యూయార్క్ వైపు వస్తోంది. స్వీడన్ ఓడ స్టాక్‌హోమ్ న్యూయార్క్ నుంచి బయలుదేరి పోతోంది. ఆండ్రియా డోరియా దట్టమైన మంచులో ఉంది. రెండూ ఒకదాన్నొకటి రాడార్‌లో చూశాయి. ఆండ్రియా డోరియా వలపల పక్కలతో దాటుదామని ఎడమకు జరిగింది. స్టాక్‌హోమ్ దాపల పక్కలతో దాటుదామని కుడికి తిరిగింది. ఇద్దరూ తప్పుకుంటున్నాం అనుకుంటూనే దగ్గరికి వచ్చేశారు. 51 మంది చనిపోయారు. ఆండ్రియా డోరియా మర్నాడు పొద్దున మునిగిపోయింది. ఇరుకైన వరండాలో ఇద్దరు ఎదురుపడి, ఇద్దరూ ఒకే పక్కకు తప్పుకుని, మళ్ళీ ఒకే పక్కకు తప్పుకోవడం మీరు చూసే ఉంటారు. అక్కడ నవ్వుకుంటాం. వేల టన్నుల ఇనుముకు ఆ అవకాశం లేదు.

మా ఆయన చేసింది కూడా అదే తప్పు, రెండు రకాలుగా. ఎడమకు తిప్పడం ఒకటి. కొంచెం కొంచెంగా తిప్పడం రెండోది. తప్పుకునేటప్పుడు ముందుగానే తప్పుకోవాలి, ఎదుటివాడి కంటికి స్పష్టంగా కనిపించేంత తిరగాలి అని 8వ నియమం. చిన్న చిన్న మార్పులు ఎదుటి ఓడకు కనిపించవు. మర్యాదకు కాస్త జరిగినట్టు జరిగితే లాభం లేదు. మా అక్క కొడుకు పడవను పూర్తిగా తిప్పినప్పుడు ఆ ఓడకు మా పచ్చ దీపం మాయమై ఎర్ర దీపం ఒక్కటే కనిపించి ఉంటుంది. ఓహో, ఇటు పోతున్నారన్నమాట అని అప్పుడే వాళ్ళకు అర్థమై ఉంటుంది.

మరి ఆ ఐదు కూతలు? ఒక పొట్టి కూత అంటే నేను వలపలకు తిరుగుతున్నాను. రెండు అంటే దాపలకు తిరుగుతున్నాను. మూడు అంటే నా ఇంజిన్ వెనక్కి నడుస్తోంది. ఐదు లేక అంతకంటే ఎక్కువ, గబగబా కూస్తే, నువ్వు ఏం చేయబోతున్నావో నాకు అర్థం కావడం లేదు. ఆ ఓడ మమ్మల్ని తిట్టలేదు. మమ్మల్ని అడిగింది. మాకు ఆ భాష రాదు.

తరగతిలో అందరూ పదే పదే అడిగిన ప్రశ్న ఒకటి ఉంది. దారి హక్కు ఎవరిది? అంకుల్ ప్రతిసారీ, ఆ మాట ఈ పుస్తకంలో లేదు, వెతకండి అనేవారు. వెతికాం, నిజంగానే లేదు. ఉన్నవి రెండు పనులు. రెండు ఇంజిన్ ఓడల దారులు అడ్డంగా కలిస్తే, తన వలపల పక్కన ఇంకొక ఓడను చూస్తున్నది తప్పుకోవాలి. రెండోది తన దారి, తన వేగం మార్చకుండా సాగాలి. ఎందుకంటే అది కూడా కదిలితే తప్పుకునేవాడి లెక్క తప్పుతుంది. అయితే ఎదుటివాడు తప్పుకోవడం లేదని తెలిస్తే నిలకడగా సాగేది కూడా తప్పుకోవచ్చు. ఇక అతనొక్కడి వల్ల కాదన్నంత దగ్గరికి వస్తే తప్పుకోవచ్చు కాదు, తప్పుకుని తీరాలి. నేను సరిగ్గానే పోతున్నాను అని చెప్పుకుంటూ మునిగిపోవడానికి నియమం లేదు.

ఈ పాఠం మన ఆదివారం పిల్లలకు ఎలా చెప్పాలా అని ఆలోచించి, గుడి హాలులో కుర్చీలు పక్కకు జరిపించాను. ఇద్దరు పిల్లలను రెండు మూలలనుంచి అడ్డంగా నడవమన్నాను. నడుస్తూ, చెయ్యి చాచి ఎదుటి బిడ్డను వేలితో చూపిస్తూ ఉండాలి. చెయ్యి ముందుకో వెనక్కో జరుగుతూ ఉంటే భయం లేదు, ఒకరు ముందే దాటిపోతారు. చెయ్యి కదలకుండా అలాగే ఉండి, ఎదుటి బిడ్డ పెద్దగా కనిపిస్తూ ఉంటే ఢీకొంటారు. ఓడ మీద కంపాస్‌తో చూసేది సరిగ్గా ఇదే. పిల్లలకు ఎర్ర గాజు ఒక చేతికి, పచ్చ గాజు ఒక చేతికి ఇచ్చాం. మగపిల్లలు మొదట సిగ్గుపడ్డారు, తర్వాత గాజులు తిరిగి ఇవ్వలేదు. "దాపలకు తిరుగుతున్నాను!" అని అరుస్తూ హాలంతా తిరిగారు. ఆ మాట వాళ్ళ అమ్మానాన్నలకు కూడా కొత్తదే. ఒక బామ్మగారు మాత్రం కుర్చీలోంచి లేచి వచ్చి, ఈ మాట విని యాభై ఏళ్ళయింది అన్నారు.

పరీక్ష నోటితో జరిగింది. బల్ల మీద చెక్క పడవలు పెట్టి ఇప్పుడు నువ్వేం చేస్తావు అని అడుగుతారు. మంచు కూతల్లో ఒకటి తప్పు చెప్పాను. మిగతావి వచ్చాయి. మా ఆయన తరగతికి రానన్నారు. "నువ్వు నేర్చుకున్నావు కదా" అన్నారు. అయితే చక్రం ముట్టుకోవద్దు అన్నాను. ఆయన కోపంగా లోపలికి వెళ్ళిపోయారు.

పోయిన జూన్‌లో మళ్ళీ చీకటి పడ్డాక తిరిగి వచ్చాం. చక్రం అక్క కొడుకు చేతిలో ఉంది. చేపలు సర్దే పని ఒడ్డు చేరాక. నేను ముందు నిలబడి చూస్తున్నాను. కళ్ళతో, చెవులతో, చేతిలో ఉన్న ప్రతి సాధనంతో చూస్తూ ఉండాలని 5వ నియమం. మా ఆయన నా పక్కన కూర్చున్నారు. రేవు దగ్గరికి వస్తుంటే ఆయన చెయ్యి చాచి ఊరి దీపాల్లోకి చూపించారు.

"అదిగో, ఒక ఎరుపు. పచ్చ లేదు."

"ఏ పక్క?" అన్నాను.

ఆయన కాసేపు తన చేతుల వైపు చూసుకున్నారు. "దాపల" అన్నారు.